చిత్తడి మడి: గొయ్యి తవ్వేముందు నీళ్ల సంగతి తేల్చుకోండి

ఇంటి పెరట్లో చిత్తడి మడి (బాగ్ గార్డెన్) పెట్టుకోవాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది మొక్కల గురించి. ఏవి కొనాలి, ఎక్కడ దొరుకుతాయి అని. ఆ తర్వాత, గొయ్యి ఎంత లోతు తవ్వాలి అని. నెల్లూరు, ప్రకాశం జిల్లాలవాళ్లయితే నేను వాళ్లను తిరిగి ఒక ప్రశ్న అడుగుతాను. రోహిణి కార్తెలో, ఎండ నలభై దాటిన రోజున, మీ ఇంట్లో మొక్కలకు మిగిలే నీళ్లు ఏవి? బోరు నీళ్లా, కుళాయి నీళ్లా, ఏసీ నుంచి కారేవా, వంటింట్లోంచి వచ్చేవా? అది తేలితే ఏ తొట్టి పెట్టాలో, ఏ మొక్క వెయ్యాలో సగం తేలిపోయినట్టే. అది తేల్చుకోకుండా గొయ్యి తవ్వినవాళ్లలో చాలామంది జూన్ నాటికి దాన్ని పూడ్చేశారు.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చిత్తడి మడి అంటే కలువల తొట్టి కాదు. చెరువు తూముకి కిందివైపు, పంటకాలువ గట్టు పక్కన, కాలు పెడితే చీలమండ దాకా దిగబడే చోటు ఉంటుంది చూడండి. అక్కడ నీళ్లు పైకి కనబడవు, కానీ మట్టి ఏడాదిలో ఎక్కువ రోజులు తడిగానే ఉంటుంది. దాన్నే ఇంటి దగ్గర చిన్న ఎత్తున తయారుచేసుకుంటాం. కలువకూ తామరకూ పైన నీళ్లు నిలబడాలి. ఇక్కడ నిలబడకూడదు. నీటి మట్టం మట్టికి రెండు మూడు అంగుళాలు కిందే ఉండాలి. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ దోమల సంగతంతా దీనిమీదే ఆధారపడి ఉంది. నిలవ నీళ్లలో దోమ గుడ్డు పెడితే మన ఎండలకు వారం, పది రోజుల్లో దోమై ఎగిరిపోతుంది. తడి మట్టిలో మునిగి ఈదడానికి నీళ్లు లేవు కాబట్టి పిల్లదోమ బతకదు. దోమల భయంతోనే వెనకాడుతున్నవాళ్లు కలువల తొట్టి కన్నా చిత్తడి మడికే మొగ్గు చూపొచ్చు.

ఏ నీళ్లు

మా ఇంట్లో మొదటిసారి పెట్టిన మడి ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. ఎక్కడా చిల్లు లేకుండా మందపాటి నల్ల షీటు పరిచి, చెరువు మట్టి నింపి, వస, చేమ, మెట్టతామర (నీళ్లలో పెరిగే తామర కాదు, కాన్నా పూలమొక్క) నాటాను. నీళ్లు బోరువే. డిసెంబరు, జనవరి నెలల్లో చూడముచ్చటగా ఉంది. ఏప్రిల్ మధ్యకొచ్చేసరికి వస ఆకుల కొసలు అగరొత్తి అంటించినట్టు గోధుమరంగులోకి మాడాయి. నీళ్లు చాలడం లేదనుకుని రోజుకు ఇంకో బకెట్ ఎక్కువ పోశాను. మే మొదటి వారంలో ఒకరోజు పొద్దున్నే షీటు అంచు మీద వేలు పెట్టి గీకితే తెల్లటి పొర గోట్లోకి వచ్చింది. నాలుకకు ఆనిస్తే ఉప్పగా, కాస్త చేదుగా ఉంది. అప్పుడు అర్థమైంది.

లెక్క వేసి చూడండి. బోరు నీటి టీడీఎస్ వెయ్యి అనుకుందాం. అంటే లీటరు నీటిలో ఒక గ్రాము లవణాలు ఉన్నట్టు. మన రెండు జిల్లాల్లో ఇంతకన్నా ఎక్కువుండే బోర్లు కొత్తేమీ కాదు. ఆ సైజు మడి ఎండాకాలంలో రోజుకు ఇరవై లీటర్ల దాకా తాగుతుంది. మొక్క పీల్చేదీ, ఎండకు ఆవిరయ్యేదీ నీరే. ఉప్పు ఎక్కడికీ పోదు. రోజుకు ఇరవై గ్రాములంటే మూడు నెలలకు ఒక కిలో ఎనిమిది వందల గ్రాములు. పద్దెనిమిది చదరపడుగుల మట్టిలోకి దగ్గర దగ్గర రెండు ఉప్పు ప్యాకెట్లు కుమ్మరించినట్టు. మామూలు మడిలో అయితే ఎక్కువైన నీళ్లతో పాటు ఉప్పు కిందికి దిగిపోతుంది. చుట్టూ షీటు కట్టిన చిత్తడి మడిలో దిగే దారే లేదు. బోరు నీళ్లతో ఈ పని చెయ్యొద్దని అనను, కానీ అడుగున నీళ్లు వదిలే దారి లేకుండా మాత్రం చెయ్యొద్దు. ఆ దారి ఎలా పెట్టాలో కింద చెప్తాను.

ఆర్వో మిషన్ వదిలే నీళ్లను వృథా చేయడమెందుకని మడిలోకి పైపు పెట్టేవాళ్లున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ మిషన్ మంచినీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా ఆ వదిలేసిన నీళ్లలోనే ఉంటుంది. బోరు నీటికి ఆర్వో పెట్టి ఉంటే అది బోరు నీటికన్నా చెడ్డది. నేల కడగడానికో, బండి కడగడానికో వాడుకోండి.

అన్నిటికన్నా మంచి నీళ్లు, చాలామంది గోడ వెంబడి వృథాగా వదిలేసే నీళ్లు, ఏసీవి. గాలిలోని తేమే చల్లబడి నీరవుతుంది కాబట్టి అందులో ఉప్పు దాదాపుగా ఉండదు. మనది సముద్రపు గాలి తగిలే ప్రాంతం, గాలిలో తేమకు కొదవ లేదు. ఒకటిన్నర టన్ను ఏసీ రాత్రంతా నడిస్తే తెల్లారేసరికి బకెట్ దాకా నిండుతుంది. పైగా మడికి నీళ్లు ఎక్కువ కావలసిన నెలల్లోనే ఏసీ ఎక్కువ నడుస్తుంది. ఏసీ ఉన్న ఇల్లయితే ఆ పైపు కిందే మడి పెట్టండి. నా రెండో మడి అలా పెట్టిందే. అక్కడ వస మూడేళ్లుగా దట్టంగా ఉంది.

పెన్న నీళ్లు కుళాయిలో వచ్చే ఇళ్లవాళ్లకు బోరుతో పోలిస్తే ఉప్పు బాధ తక్కువ. రాత్రి బకెట్లో పట్టి పొద్దున పోస్తే క్లోరిన్ వాసన కూడా చాలావరకు పోతుంది. ఎండాకాలంలో కుళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధుల్లో మాత్రం ఇంటి అవసరాలకు పోగా ఎంత మిగులుతుందో నిజాయితీగా లెక్క చూసుకోవాలి.

కూరగాయలు కడిగిన నీళ్లు పోయొచ్చు. బియ్యం కడుగు రోజూ పోస్తే పులిసి వాసన వస్తుంది, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. గిన్నెలు తోమిన నీళ్లు, స్నానాల నీళ్లు వాడాలంటే అది వేరే మడి: కింద కంకర, పైన ఇసుక, మెట్టతామర ఒక్కటే. సబ్బు నీళ్లకు అది తట్టుకున్నంతగా మన దగ్గర సులువుగా దొరికే పూలమొక్క ఇంకోటి నేను చూడలేదు. ఆ మడిలో పెరిగిన ఆకుకూర ఎంత నవనవలాడుతున్నా కోసి వండొద్దు.

కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు ఎండాకాలం ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టే ఊళ్లవాళ్లకు నా సలహా వేరు. ఏడాది పొడవునా తడిగా ఉండే మడి పెట్టొద్దు. డాబా మీది వాన నీరు వచ్చి పడేచోట రెండడుగుల లోతు గుంట తీసి, షీటు లేకుండా వట్టివేరు నాటండి. అక్టోబరు నుంచి జనవరి దాకా అది చిత్తడిగా ఉంటుంది, వేసవిలో ఎండిపోతుంది. వట్టివేరు నీటిలో మునిగినా బతుకుతుంది, వేళ్లు ఏపుగా దిగాక ఎండినా బతుకుతుంది. మనుషులకు నీళ్లు చాలని చోట మడి కోసం నీళ్లు కొనడం నాకు సమ్మతం కాదు.

గొయ్యా, వరా, తొట్టా

నేలలో గొయ్యి తీసి షీటు పరవడం అన్నిటికన్నా సహజంగా కనిపిస్తుంది, ఎంత పెద్దదైనా, ఏ ఆకారంలోనైనా చేసుకోవచ్చు. షీటు విషయంలో కక్కుర్తి పడకండి. సంతలో దొరికే పలచటి నీలం పట్టా ఎండ తగిలిన అంచు దగ్గర ఒకటి రెండు వేసవులకే పొడిపొడిగా రాలిపోతుంది. రొయ్యల గుంటలకూ, పొలాల్లో నీటి కుంటలకూ పరిచే నల్ల షీటు, ఐదు వందల మైక్రాన్లది తీసుకోండి. కోస్తా మండలాల్లో రొయ్యల సామాన్ల కొట్లలో దొరుకుతుంది, మిగిలిన ముక్కలు తక్కువకే ఇస్తారు. పశువుల మేతకు పెంచే అజొల్లా మడికి వాడే సిల్పాలిన్ పట్టా కూడా పనికొస్తుంది గానీ జమ్ము వేళ్లకు ఆగదు.

మీ నేల ఏదన్నదీ చూడాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి ఎండాకాలం అరచెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. అందులో సిమెంటుతో కట్టిన తొట్టి పగులుతుంది, షీటు అయితే నేలతో పాటు కదులుతుంది. కొత్తపట్నం, మైపాడు వైపు ఇసుక నేలల్లో గొయ్యి అంచులు కూలిపోతుంటాయి, అక్కడ షీటు కన్నా సిమెంటు వర నయం. కోవూరు వైపు పొలాల నడుమ ఉన్న ఇళ్లలో వానాకాలం ఊట నేల పైదాకా వస్తుంది. ఆ నీరు షీటును కిందనుంచి బుడగలా పైకి లేపేస్తుంది. అలాంటి చోట షీటే అక్కర్లేదు. పల్లంగా ఉన్న మూలలో మట్టి తవ్వి గుల్ల చేసి నాటుకుంటే చాలు.

ఎక్కువమందికి నేను చెప్పేది సిమెంటు వరలు. బావులకు, సెప్టిక్ ట్యాంకులకు దించే వరలే. మూడడుగుల వ్యాసం ఉన్నవి రెండు ఒకదానిమీద ఒకటి పెట్టి నేలలోకి దించి, అడుగున రెండంగుళాల కాంక్రీటు పోసి, అతుకు దగ్గర సిమెంటు పట్టించాలి. పై అంచు నేలకు నాలుగంగుళాలు ఎత్తులో ఉంచితే వాకిట్లో నీళ్లు అందులోకి పారవు, ఆడుకునే పిల్లలు చూసుకోకుండా అడుగెయ్యరు. ఈ సైజుకి మే నెలలో రోజుకు పది లీటర్లు సరిపోతాయి, అంటే ఏసీ పైపు దాన్ని ఒంటిచేత్తో పోషించగలదు. కొత్త సిమెంటులో సున్నం వదులుతూ ఉంటుంది కాబట్టి నీళ్లు నింపి, వారానికోసారి పారబోస్తూ మూడు వారాలు ఆగండి. తొందరపడి నాటితే లేత వేళ్లు కాలిపోతాయి.

ఇక ఇందాక చెప్తానన్న దారి. బాగ్ గార్డెన్ గురించి రాసే విదేశీ సలహాల్లో షీటు అడుగున అక్కడక్కడ చిల్లులు పొడవమంటారు. వాళ్లకు ఏడాది పొడవునా జల్లులు పడతాయి కాబట్టి అది సరిపోతుంది. మన మే నెలలో అడుగు చిల్లులతో నీళ్లు నిలవవు. నేను చేసేది ఇలా: పక్క గోడకు, మట్టి మట్టానికి మూడంగుళాల కింద రెండు చిల్లులు. వానకు ఎక్కువైన నీరు వాటిగుండా పోతుంది, పైన నిలబడదు. అడుగున ముప్పాతిక అంగుళం పైపు ఒకటి బయటి గుంటలోకి, చివర బిగించే మూత. లోపలి మూతికి దోమతెర గుడ్డ చుట్టి, చుట్టూ కంకర పొయ్యాలి. అక్టోబరులో మొదటి గట్టి వాన పడుతున్నప్పుడు మూత తీసెయ్యండి. వాన నీరు మట్టిని పైనుంచి కిందిదాకా కడుక్కుంటూ పోతుంది. మొదట వచ్చే నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. రెండు మూడు వానలకు తేటపడతాయి. నెల్లూరు వైపు ఏడాది వానలో పెద్ద భాగం అక్టోబరు, డిసెంబరు నడుమే పడుతుంది కాబట్టి ఏడాదికోసారి ఇలా కడిగితే బోరు నీళ్ల మడి కూడా నిలబడుతుంది.

పాత ప్లాస్టిక్ వాటర్ ట్యాంకును అడ్డంగా కోసి వాడుకోవచ్చు, అద్దె ఇళ్లవాళ్లకు అదే నయం. ఇల్లు మారేటప్పుడు తీసుకెళ్లొచ్చు. నల్ల ట్యాంకు ఎండకు బాగా కాగుతుంది, నేలపై పెడితే వేళ్లు ఉడికినట్టవుతాయి. గోనెపట్టా చుట్టండి, లేదా సగం పూడ్చండి. పల్లెటూరి ఇళ్లలో వాడకం లేని రాతి కుడితి తొట్టి ఉంటే మాత్రం రెండో ఆలోచన వద్దు. ఆవులు పోయాక దొడ్డి మూలన బోర్లించిన తొట్టెలు మన ఒంగోలు ప్రాంతపు ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. రాయి నీటిని చల్లగా ఉంచుతుంది, పగలదు, దానికి ఇంతకన్నా గౌరవమైన పని ఈ రోజుల్లో దొరకదు. లోతు తక్కువ కాబట్టి అందులో నీటిబ్రాహ్మి, సరస్వతి ఆకు లాంటి పాకే మొక్కలు వెయ్యండి.

డాబా మీద వద్దు. ఆరడుగులు, మూడడుగుల మడి ఒక్క అడుగు లోతుతో కట్టినా తడి మట్టి బరువు తొమ్మిది వందల కిలోల దాకా ఉంటుంది. స్లాబు మీద ఆ బరువు ఒకేచోట, ఏడాదంతా చెమ్మతో. పెట్టాలనే ఉంటే చిన్న టబ్బులు, అవీ పిల్లర్లకు దగ్గరగా.

మట్టి

మూడు గంపల చెరువు మట్టికి ఒక గంప ముతక ఇసుక, ఒక గంప కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు). కోకోపీట్‌లో కూడా ఉప్పు ఉంటుంది, రెండుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండాకే కలపండి. పచ్చి పేడ, సగం కుళ్లిన ఆకులు వెయ్యొద్దు. గాలి ఆడని తడిలో అవి కుళ్లి కోడిగుడ్డు మురిగిన వాసన వస్తుంది. బాగా మాగిన పశువుల ఎరువు రెండు గుప్పెళ్లు పైపైన వేస్తే చాలు.

మొక్కల్లో ఎంపిక

నీళ్లు మంచివైతే, అంటే ఏసీవో పెన్నవో అయితే, నా మొదటి ఎంపిక చేమ, వస. పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నానికి గోడ నీడ పడే తూర్పు వైపు చేమ ఆకు చేట అంత అవుతుంది. నీళ్లు చల్లి చూడండి, బొట్టు ఆకుకు అంటకుండా పాదరసంలా దొర్లి కొసన ఆగుతుంది. పడమటి ఎండలో మాత్రం అంచులు మాడతాయి. వసకు పూవు అందం లేదు, కానీ ఆకు నలిపితే వచ్చే వాసన కోసమే పెంచుకోవచ్చు. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అని మురిసే మన ఇళ్లలో వస మొక్కను చూసినవాళ్లు ఎందరు? పసిపిల్లలకు అరగదీసి పట్టడం మాత్రం డాక్టరును అడగకుండా చెయ్యొద్దు.

బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటే వసను మర్చిపోండి. స్పైడర్ లిల్లీ, వట్టివేరు, నీటిబ్రాహ్మి వెయ్యండి. స్పైడర్ లిల్లీ తెల్లపూలు సాయంత్రం విచ్చుకుని రాత్రి సువాసన వేస్తాయి, సముద్రపు గాలికి కూడా చలించవు. మెట్టతామర మధ్యస్తం: కొద్దిపాటి ఉప్పు ఓర్చుకుంటుంది, ఎండ ఎంతున్నా పూస్తుంది, రంగులు చాలా దొరుకుతాయి. ఒక్క మొక్కే వెయ్యగలిగితే నేను అదే వేయమంటాను.

బ్రాహ్మి పేరుతో నర్సరీల్లో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముతారు. ఆకు గుండ్రంగా, అంచు చిన్న గాట్లతో, కాడ పొడవుగా ఉంటే అది సరస్వతి ఆకు. ఆకు చిన్నగా, దళసరిగా ఉండి తెల్లటి, లేత ఊదా పూలు పూస్తే అది నీటిబ్రాహ్మి. రెండూ చిత్తడిని ఇష్టపడతాయి. ఉప్పుకు ఓర్చేది రెండోదే, నీడ కావలసింది మొదటిది.

తినే ఆకుల్లో పొన్నగంటి, తూటికూర ఈ మడికి పుట్టినట్టే పెరుగుతాయి. కాలువ గట్టు నుంచి పొన్నగంటి తెచ్చేటప్పుడు జాగ్రత్త. దాన్నే పోలిన కలుపు ఒకటి మన కాలువల్లో అల్లుకుపోయింది. పూత చూడండి. పొన్నగంటి తెల్లపూలు ఆకు మొదట్లోనే కణుపుకు అతుక్కుని ఉంటాయి. కలుపుకైతే పూబంతి రెండు అంగుళాల కాడ మీద నిలబడుతుంది, కాండం లావుగా, బోలుగా ఉంటుంది. అది ఒక్క కణుపు పడినా మడంతా కమ్మేస్తుంది. జమ్ము అందంగానే ఉంటుంది, కానీ దాని మొన షీటును చీలుస్తుంది, దూది గింజలు వీధంతా ఎగురుతాయి. గుర్రపుడెక్కను ఊదారంగు పూల కోసం ఇంటికి తెచ్చుకోవద్దు. వానకు పొర్లి కాలువలో పడితే ఊరి చెరువు దాకా పోతుంది.

ఆన్‌లైన్‌లో పురుగుల్ని తినే మొక్కలు, వీనస్ ఫ్లైట్రాప్ లాంటివి, బాగ్ గార్డెన్ మొక్కలని అమ్ముతారు. వాటికి ఉప్పు లేని నీళ్లే కాదు, చలికాలంలో నిజమైన చలి కావాలి. నెల్లూరు చలి వాటికి చలి కాదు. ఆ డబ్బుతో నాలుగు రంగుల మెట్టతామర దుంపలు వస్తాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

తొట్టి పని సెప్టెంబరులో ముగించి, అక్టోబరు వానలు మొదలయ్యాక నాటండి. వేసవి వచ్చేలోపు వేళ్లు కుదురుకోవడానికి ఐదు నెలలు దొరుకుతాయి. ఫిబ్రవరిలో నాటినవి ఏప్రిల్ ఎండకు వాడిపోతాయి. దగ్గరదగ్గరగా నాటండి. ఆకు నీడ మట్టిని కప్పితే ఆవిరి తగ్గుతుంది. కొబ్బరి పీచు పరిచినా మంచిదే. నీళ్లు పోసేముందు రోజూ వేలు మట్టిలోకి దించి చూడండి, రెండో కణుపు దగ్గర తడి తగిలితే ఆ పూట పోయనక్కర్లేదు.

వేసవి సెలవులకు ఊరెళ్లేవాళ్లకు వర మడి నాలుగైదు రోజులు ఆగుతుంది, షీటు మడి కూడా దాదాపు అంతే. పది రోజులు వెళ్తుంటే ప్రయాణానికి ముందు మెట్టతామర కాడలను, చేమ పెద్ద ఆకులను సగానికి కోసెయ్యండి. ఆకు తగ్గితే తాగే నీళ్లూ తగ్గుతాయి. తర్వాత పక్కింటివాళ్లకు ఏసీ బకెట్ ఎక్కడుందో చూపించి, రోజు విడిచి రోజు ఒక బకెట్ పోయమని చెప్పి వెళ్లండి. తిరిగొచ్చేసరికి కోసిన చోట చుట్టలు చుట్టుకున్న కొత్తాకు కనిపిస్తుంది.